"అలవాటు" అనే మాటకు రెండర్థాలు



"మార్ఫిన్ అలవాటైపోతుంది ఫాదర్, వద్దు" అనే మాట క్యాన్సరు రోగుల ఇండ్లలో తరచుగా వింటుంటాము. ఒకే మాటను రెండర్థాలలో వాడితే తర్కం దారి తప్పుతుంది. ఇక్కడ జరిగేది అదే.

మార్ఫిన్‌ను కొంతకాలం వాడితే శరీరం దానిని తట్టుకొనడం నేర్చుకొంటుంది. మోతాదు పెంచవలసి రావచ్చు. ఇది శరీరధర్మం. హాని అని తెలిసినా మందు కోసం వెంపర్లాడడం వ్యసనం. మొదటిది ఉన్నంత మాత్రాన రెండవది ఉన్నట్లు కాదు. వేరే మార్గం లేనప్పుడు తీవ్రమైన నొప్పికి ఇటువంటి మందులు వాడడం ధర్మసమ్మతమేనని 1957లోనే పన్నెండవ పయస్ పోపుగారు వైద్యులకు చెప్పారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుండి వేలూరుకో బెంగళూరుకో పోయి, డాక్టరు రాసిచ్చిన మాత్రలు తెచ్చి బీరువాలో దాచిపెట్టి, కన్నతల్లిని రాత్రంతా మూలుగనివ్వడం భక్తి కాదు.

అసలు ప్రమాదం వేరేచోట ఉంది. ఈ మందులు మనచేత ఊపిరి తీయించే మెదడు భాగాన్ని మందగింపజేస్తాయి. తట్టుకొనే శక్తి ఎవరిది వారిదే. అమ్మమ్మకు సరిపడే మాత్ర, నడుమునొప్పి అని అడిగి వేసుకొన్న మామయ్యకు ప్రాణాంతకం కావచ్చు. పైగా ఆ శక్తి నిలువ ఉండదు. మందు మానిన కొద్దిరోజులలోనే తగ్గిపోతుంది. చికిత్స కేంద్రం నుండో జైలు నుండో వచ్చిన కుర్రవాడు పాత మోతాదే తీసుకొంటే అదే అతన్ని చంపవచ్చు. సారాయో నిద్రమాత్రలో తోడైతే మరీ అపాయం.

ఇది దూరదేశపు సంగతి కాదు. 2021లో మదనపల్లె ప్రాంతంలోనే దొంగచాటుగా వేసిన గసగసాల పైరు పట్టుబడింది. ఆ కాయకు గాటు పెడితే కారే పాలే నల్లమందు, మార్ఫిన్ అందులోనిదే. (కోడికూరలో వేసే గసగసాలకు భయపడనక్కరలేదు!) నొప్పి మాత్రగా అమ్మిన ట్రమడాల్‌ను కూడా 2018లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు.

పిలిచినా గిల్లినా లేవకపోవడం, గురగురమంటూ ఆగి ఆగి వచ్చే శ్వాస, సూదిమొనంత కంటిపాప, నీలిబడిన పెదవులు కనిపిస్తే, "తాగి పడుకొన్నాడులే" అని తలుపు దగ్గరగా వేసి వెళ్లకండి. 108కి ఫోను చేయండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఊపిరి గమనిస్తూ ఉండండి. ఉప్పునీళ్లు తాగించవద్దు. ఏమి తీసుకొన్నాడో, పరువుకు జంకక, డాక్టరుకు చెప్పండి. నాలోక్సోన్ సూది వేస్తే నిమిషాలలో లేవవచ్చు. కాని దాని పని గంటో గంటన్నరో. మత్తు అంతకు మించి ఉండవచ్చు. లేచాడు కదా అని, డాక్టరు పంపకముందే ఇంటికి తీసుకొని రాకండి.