బగ్ రిపోర్ట్: తూనీగ

మన బ్రాంచిలో 'బగ్' అంటే తిట్టు. రాత్రి రెండింటికి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మనం ఆ మాట అనే తీరు చూస్తే, నిజం పురుగులు వింటే బాధపడతాయేమో అనిపిస్తుంది. 1947 సెప్టెంబరు 9 కథ మీకు తెలిసే ఉంటుంది. హార్వర్డ్‌లో మార్క్ 2 అనే కంప్యూటర్ సరిగ్గా పనిచేయకపోతే, వెతగ్గా వెతగ్గా ఒక రిలేలో ఇరుక్కున్న రెక్కల పురుగు దొరికింది. దీపం చుట్టూ తిరిగే రకం. దాన్ని లాగ్‌బుక్‌లో టేపుతో అంటించారు. ఆ కథను అందరికీ చెప్పి పాపులర్ చేసింది గ్రేస్ హాపర్. అయితే యంత్రంలో లోపాన్ని 'బగ్' అనడం అంతకు చాలా ముందు, 1870లలో ఎడిసన్ ఉత్తరాల్లోనే ఉంది. అంటే ఆ పురుగు పాపం ఎప్పుడో వేసిన నింద మీదకి వచ్చి ఇరుక్కుంది.

తెలుగులోనూ పురుగుకి పెద్ద గౌరవం లేదు. ఎవరినైనా చిన్నచూపు చూస్తే 'పురుగుని చూసినట్టు చూశాడు' అంటాం. ఊరి బయట అడుగుపెడితే 'పురుగూ పుట్రా ఉంటాయి జాగ్రత్త' అంటారు అమ్మమ్మలు. కాస్త మర్యాద దక్కింది ఒక్క పుస్తకాల పురుగుకే, అదీ సగం వెక్కిరింపు.

అలాగని 'పురుగులన్నిటినీ ప్రేమించండి' అని నేను చెప్పను. పేరు పెట్టిన కీటక జాతులే 10 లక్షల దాకా ఉన్నాయి, అన్నిటినీ ప్రేమించడం ఎవరివల్లా కాదు. హాస్టల్ మంచంలో నల్లిని ప్రేమించమంటే నేనూ ఒప్పుకోను. (శాస్త్రం లెక్కలో అసలైన 'బగ్' అంటే ఆ నల్లి కుటుంబమే, అది వేరే విషయం.) నా సలహా చిన్నది. ఒక్క పురుగుని ఎంచుకోండి. మొదటి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ ఎలా ఎంచుకున్నామో అలా. ఒకటి బాగా వస్తే మిగతావి వాటంతటవే అర్థమవుతాయి. మూడు షరతులు చాలు: క్యాంపస్‌లోనే కనిపించాలి, పగటిపూట కనిపించాలి, మనల్ని కుట్టకూడదు. ఈ మూడూ పెట్టి చూస్తే నాకు మిగిలింది తూనీగ.

నేను చదివిందంతా ఇంగ్లీష్ మీడియం. స్కూల్లో అది డ్రాగన్‌ఫ్లై, ఆటల్లో అది హెలికాప్టర్ పురుగు. 'తూనీగ' అనే మాట నాకు 'మనసంతా నువ్వే' సినిమా పాట వల్ల వచ్చింది. పేరు తెలిశాక ఒక తమాషా గమనించాను. ఈగ, జోరీగ, కందిరీగ, తేనెటీగ, తూనీగ: అన్నీ 'ఈగ'తోనే ముగుస్తాయి. మన భాషలో చూస్తే ఒక బేస్ క్లాస్, నాలుగు చైల్డ్ క్లాసులు. కానీ నిజం ఈగకి ఎగిరే రెక్కలు రెండే. వెనక జత చిన్న గుండీల్లా మారిపోయి, ఎగిరేటప్పుడు బ్యాలెన్స్ చూసుకోవడానికి పనికొస్తుంది. కందిరీగకి, తేనెటీగకి, తూనీగకి నాలుగేసి రెక్కలు. అంటే ఆ నాలుగింట్లో ఈగకి నిజమైన వారసురాలు జోరీగ ఒక్కతే. ఇంగ్లీషు వాళ్లదీ ఇదే గొడవ, బటర్‌ఫ్లై ఎక్కడ, ఫ్లై ఎక్కడ!

ఇక అసలు విషయం. తూనీగ గాల్లోనే దోమనో చిన్న ఈగనో పట్టి తినేస్తుంది. ప్రయోగాల్లో చూస్తే అది వెంటపడిన వాటిలో నూటికి 90కి పైగా దొరికిపోయాయి. సింహానికి కూడా ఆ స్కోరు లేదు, చాలా వేటల్లో అది ఖాళీ నోటితోనే వెనక్కి వస్తుంది. ఇంత చిన్న తలకాయతో తూనీగ ఎలా సాధిస్తోంది?

మీరు బండి మీద వెళ్తున్నారనుకోండి. పక్క రోడ్డు నుంచి లారీ వస్తోంది. అది మీ కంటికి వెనక్కి జరుగుతున్నట్టు కనిపిస్తే, దానికంటే ముందే మీరు దాటేస్తారు. ముందుకి జరుగుతున్నట్టు కనిపిస్తే అదే ముందు దాటుతుంది. రెండూ కాకుండా ఒకే కోణంలో నిలబడి, అంతకంతకూ పెద్దదవుతుంటే? గుద్దుకోవడం ఖాయం, బ్రేక్ వేయండి. మనం తప్పించుకోవడానికి వాడే ఈ లెక్కని తూనీగ గుద్దుకోవడానికి వాడుతుంది. దోమ తన కంటిలో ఒకే చోట ఉండేలా దారి సరిచేసుకుంటూ పోతుంది. దోమ ఇప్పుడున్న చోటికి కాదు, కాసేపట్లో ఉండబోయే చోటికి. గురి వెంటాడే క్షిపణుల్లో ఇంజనీర్లు పెట్టిన సూత్రం కూడా ఇలాంటిదే.

దీనికి కావలసిన హార్డ్‌వేర్ చూడండి. పెద్ద జాతుల్లో ఒక్కో కంట్లో 30 వేల దాకా చిన్న చిన్న కటకాలు, దాదాపు చుట్టూ కనిపించే చూపు. 'గురి ఫలానా దిక్కున కదులుతోంది' అనే వార్తని మెదడు నుంచి రెక్కల వైపు మోసుకెళ్లేది 16 నరకణాలు, అంటే 8 జతలు. పదహారే! ఇమేజ్‌లో పిల్లి ఉందో కుక్క ఉందో చెప్పడానికి మనం లక్షల పారామీటర్ల మోడల్‌ని ట్రెయిన్ చేస్తున్నాం. మెషీన్ లెర్నింగ్ మీద నాకేం కోపం లేదు, కానీ ఈ పదహారు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

అందం గురించి మాట్లాడేవాళ్లు తూనీగ చిన్నతనం గురించి మాట్లాడరు. దాని బతుకులో ఎక్కువ భాగం నీళ్లలో, బురద రంగులో, రెక్కల్లేకుండా గడుస్తుంది. కొన్ని జాతులైతే అలా ఏళ్ల తరబడి ఉంటాయి. కింది పెదవి మడతపెట్టి గడ్డం కింద దాచుకుంటుంది, దోమ లార్వా దగ్గరికి రాగానే దాన్ని చెయ్యిలా విసిరి లాక్కుంటుంది. ఊపిరి తీసుకునేది... ఎలా చెప్పాలి, వెనక నుంచి. మొప్పలు పేగు చివర్లో ఉంటాయి. ప్రమాదం వస్తే ఆ నీటినే గట్టిగా వెనక్కి చిమ్మి, రాకెట్‌లా ముందుకి దూసుకుపోతుంది. ఒక రోజు గడ్డి కాడ పట్టుకుని పైకి వచ్చి, వీపు చీల్చుకుని తూనీగగా బయటపడుతుంది. ఖాళీ పెంకు ఆ కాడకే ఉండిపోతుంది.

వానాకాలంలో గ్రౌండ్ మీద గుంపులు గుంపులుగా తిరిగే పసుపురంగు తూనీగలు చూశారా? వాటి పేరు వాండరింగ్ గ్లైడర్. నాలుగున్నర సెంటీమీటర్ల ప్రాణి. మాల్దీవుల్లో ఉండే చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త, ఏటా అక్టోబరు వచ్చేసరికి తన చుట్టూ ఇవి గుంపులుగా దిగడం గమనించాడు. ఆ దీవుల్లో వీటికి గుడ్లు పెట్టుకోవడానికి మంచినీటి చెరువులే దాదాపు లేవు. మరి ఎందుకొస్తున్నాయి? తేదీలన్నీ పోగుచేసి 2009లో ఆయన చెప్పిన జవాబు: అవి మన దేశం నుంచి ఆకాశంలో పైగాలుల్ని పట్టుకుని, హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకి పోతున్నాయి, మాల్దీవులు దారిలో స్టేషన్ మాత్రమే. మళ్లీ రుతుపవనాలతో వెనక్కి. రానూపోనూ 14 వేల నుంచి 18 వేల కిలోమీటర్లు. ఒక్క తూనీగ ఇదంతా తిరగదు, నాలుగు తరాలు పడుతుంది. బయల్దేరినదాని మునిమనవరాలు వెనక్కి వస్తుంది, ఎవరూ దారి చెప్పకుండానే. ఎండిపోయే వాన గుంటల్లో నెలన్నర, రెండు నెలల్లో పెరిగిపోవడం వీటి ప్రత్యేకత, అందుకే వానల వెంట తిరగగలుగుతున్నాయి.

ఇంత తెలివైనదానికీ ఒక లోపం ఉంది, ఈసారి నిజంగా మన అర్థంలోనే బగ్. నీళ్లని అది గుర్తుపట్టేది, పైన పడి అడ్డంగా ధ్రువణం చెందిన కాంతిని బట్టి. లక్షల ఏళ్లు అలా మెరిసేది నీరొక్కటే, కాబట్టి ఆ టెస్టు చాలింది. ఇప్పుడు కారు బానెట్, సోలార్ ప్యానెల్, నున్నటి నల్లరాయి కూడా అలాగే మెరుస్తున్నాయి. పార్కింగ్‌లో తూనీగ తోకని బానెట్‌కి టపటపా కొడుతుంటే ఆడుకుంటోందనుకోకండి. కాలే రేకు మీద గుడ్లు పెడుతోంది. కోడ్ మారలేదు, ఇన్‌పుట్ మారిపోయింది.

ఇక్కడ మన క్యాంపస్ సంగతి చెప్పాలి. హాస్టల్ వెనక వాన గుంటని పూడ్చేయమని, దోమల పేరుతో ఒక కాగితం తిరుగుతోంది. సంతకాలు చాలానే పడ్డాయి. నేను పెట్టలేదు. పోయిన సెమిస్టర్లో నా రూమ్మేట్‌కి డెంగీ వచ్చింది, ప్లేట్‌లెట్ల రిపోర్టు కోసం వాడి పక్కన కూర్చున్నవాణ్ణి, కాబట్టి ఇది నాకు కవిత్వం కాదు. డెంగీ దోమ ఎక్కువగా పుట్టేది కూలర్ ట్రేలో, పాత టైర్లో, మూతలేని డ్రమ్ములో, టెర్రస్ మీద మర్చిపోయిన బకెట్లో. వాటిలో తూనీగ పిల్లలు, చేపలు, కప్పలు ఉండవు, దోమ లార్వాని తినేవాళ్లు లేరు. గుంటలో ఉన్నారు. తూనీగలు దోమల్ని పూర్తిగా ఖాళీ చేస్తాయని నేను అనను, మెస్ మురుగు అందులోకి వదిలితే వేరే దోమలు పెరుగుతాయి కూడా. ఆ పైపుని మళ్లించాలి. అడగాల్సింది అది. ముందు వారానికోసారి మూడు ఫ్లోర్ల కూలర్లూ బోర్లిద్దాం, తర్వాత గుంట గురించి మాట్లాడదాం.

గుంట ఆరోగ్యం ఎలా ఉందో తూనీగలే చెప్తాయి కూడా. డిచ్ జ్యువెల్ అని నారింజ రంగు రెక్కలది ఉంటుంది, మురికి నీళ్లకీ ఓర్చుకుంటుంది. అదొక్కటే కనిపిస్తోందంటే నీళ్లు పాడైనట్టే అనుమానించాలి. దానితో పాటు ఒళ్లంతా ఎర్రటి స్కార్లెట్ స్కిమ్మర్, సూదిలా సన్నగా ఉండి రెక్కలు మూసుకుని కూర్చునే డామ్‌సెల్‌ఫ్లైలు కూడా ఉంటే కాస్త నయం. పోయిన ఆదివారం లెక్కపెడితే నాకు ఐదు రకాలు కనిపించాయి. మన దేశంలో మొత్తం దాదాపు 500 ఉన్నాయి కాబట్టి గొప్ప స్కోరేం కాదు.

చూడాలనుకుంటే పొద్దున తొమ్మిది, పది మధ్య ఎండ వచ్చాక రండి. నీడ వాటి మీద పడకుండా నిలబడండి. ఎగిరిపోయినదాని వెంట పరిగెత్తొద్దు, చాలాసార్లు అదే పుల్ల మీదకి మళ్లీ వచ్చి వాలుతుంది, ఫోన్ కెమెరా ఆ పుల్ల మీదే పెట్టి ఆగండి. తోకకి దారం కట్టే ఆట చిన్నప్పుడు మీరు ఆడి ఉంటే ఆడారు, ఇప్పుడు వద్దు. ల్యాబ్ బ్లాక్ సిమెంటు గోడని కూడా ఒకసారి దగ్గరగా చూడండి. గ్రానైట్ ఘోస్ట్ అనే బూడిదరంగు తూనీగ రెక్కలు చాపి గోడకి అతుక్కుని ఉంటుంది, అచ్చం గోడ మచ్చలాగే. నాకు రెండోసారి దొరకలేదు. మీలో ఎవరికైనా కనిపిస్తే, ఏ గోడో చెప్పండి.