ఆట ముగిశాక ఇంటికెలా? – స్టేడియాలు, ప్రజా రవాణా



2019 డిసెంబర్ 6న హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో భారత్, వెస్టిండీస్ జట్ల టీ20 మ్యాచ్ జరిగింది. కోహ్లీ 94 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. అప్పుడు కాలేజీ హాస్టల్‌లో ఉన్న మేము అయిదుగురం నిజామాబాద్ నుంచి వెళ్ళి ఆ మ్యాచ్ చూశాం. టికెట్ కోసం నెలల తరబడి డబ్బులు కూడబెట్టాం. తిరుగు ప్రయాణం సంగతి మాత్రం ఒక్కరమూ ఆలోచించలేదు. గేటు దాటి రోడ్డు మీద పడడానికే చాలాసేపు పట్టింది. జూబ్లీ బస్ స్టేషన్ చేరుకొని మా ఊరి వైపు బస్సు ఎక్కేసరికి తెల్లవారింది. ఆ రాత్రి బెంచీ మీద కూర్చుని మాలో మేము వాదించుకున్న ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం: స్టేడియం కట్టేటప్పుడు సొంత బండి లేనివాడి గురించి ఎవరైనా ఆలోచిస్తారా?

ముందుగా లెక్క చూద్దాం. మన హాస్టల్‌లో పొద్దున నల్లాల దగ్గర ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. రోజంతా ఖాళీగా ఉండే నల్లాలు స్కూలు గంటకు ముందు అరగంట మాత్రం ఎవరికీ చాలవు. స్టేడియం కూడా అంతే. ప్రేక్షకులు వచ్చేటప్పుడు రెండు మూడు గంటల వ్యవధిలో విడతలుగా వస్తారు. పోయేటప్పుడు మాత్రం చివరి బంతి పడగానే అందరూ ఒకేసారి లేస్తారు. కాబట్టి రవాణా ప్రణాళిక వేయవలసింది ఆ చివరి గంట కోసం.

ఉప్పల్ స్టేడియంలో సుమారు 39 వేల మంది పడతారు. వారిలో మూడో వంతు, అంటే 13 వేల మంది మెట్రో ఎక్కుతారనుకుందాం. మూడు బోగీల రైలులో దాదాపు వెయ్యి మంది పడతారు. అంటే 13 రైళ్ళు కావాలి. అయిదు నిమిషాలకొకటి వస్తే గంటకు పైగా పడుతుంది. సరే, రైళ్ళు పెంచితే? అప్పుడు మెట్లు అడ్డం వస్తాయి. బ్రిటన్‌లో స్టేడియాల భద్రతకు వాడే మార్గదర్శక గ్రంథం ప్రకారం, ఒక మీటరు వెడల్పున్న మెట్ల మీదుగా నిమిషానికి 66 మందికి మించి వెళ్తారని లెక్క వేయకూడదు. నాలుగు మీటర్ల మెట్లయితే 264 మంది. 13 వేల మందికి దాదాపు 50 నిమిషాలు! రైళ్ళ కోసం కోట్లు పెట్టి మెట్లు ఇరుకుగా కడితే జనం కిందనే నిలబడిపోతారు.

ఈ ఇబ్బంది మన బోధన్ వాళ్ళకు కొత్తేమీ కాదు. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో, క్రషింగ్ సీజన్ వచ్చిందంటే చెరకు బండ్లు బారులు తీరేవని పెద్దలు చెబుతారు. రైతులందరూ ఒకే రోజు చెరకు నరికి తెస్తే ఏ మిల్లూ ఆడించలేదు. అందుకే రైతుకింత అని వంతుల వారీగా పర్మిట్లు ఇస్తారు. 2015 డిసెంబర్‌లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది, అది వేరే బాధ. కానీ వంతుల పద్ధతి స్టేడియానికీ పనికొస్తుంది. మ్యాచ్ అయ్యాక బహుమతి ప్రదానం, పాటలు, తెరిచి ఉన్న తినుబండారాల దుకాణాలు కొంత జనాన్ని లోపలే ఉంచుతాయి. మిగతావాళ్ళు ఆలోగా వెళ్ళిపోతారు.

ఇక మన రాజధాని అనుభవం. పూర్వం పెద్ద మ్యాచ్‌లన్నీ బషీర్‌బాగ్‌లోని ఫతే మైదాన్‌లో, అంటే లాల్ బహదూర్ స్టేడియంలో జరిగేవి. అది ఊరి నడిబొడ్డున ఉంది. మ్యాచ్ అవగానే అబిడ్స్, నాంపల్లి స్టేషన్ దాకా నడిచి పోవచ్చు. ఉప్పల్‌లో మొదటి అంతర్జాతీయ వన్డే 2005 నవంబర్ 16న జరిగింది. స్టేడియం పేరుతోనే స్టేషన్ ఉన్న నాగోల్–అమీర్‌పేట మెట్రో మార్గం మొదలైంది 2017 నవంబర్‌లో. మధ్యలో 12 ఏళ్ళు! గచ్చిబౌలి స్టేడియం 2002 జాతీయ క్రీడల నాటిది. మెట్రో 2019లో రాయదుర్గం దాకా వచ్చింది గాని, అక్కడి నుంచి స్టేడియం ఇంకా కొన్ని కిలోమీటర్ల దూరం. స్టేడియం ముందు, దారి తర్వాత అనే అలవాటు మంచిది కాదని మా అభిప్రాయం.

సిడ్నీలో 2000 ఒలింపిక్స్ జరిగాయి. అక్కడి ఒలింపిక్ పార్క్ రైల్వే స్టేషన్ 1998లోనే తెరిచారు. ఆ స్టేషన్‌లో రైలుకు రెండు వైపులా ప్లాట్‌ఫారాలుంటాయి. ఒక వైపు దిగుతారు, మరో వైపు ఎక్కుతారు, తోపులాట ఉండదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆట టికెట్‌తో పాటే ఆ రోజు నగరంలో తిరిగే రవాణా పాసు కూడా ఇచ్చారు. అంత దూరం ఎందుకు, చెన్నైలో 2023 ఐపీఎల్ మ్యాచ్‌లకు టికెట్ చూపితే మెట్రో ప్రయాణం ఉచితం. ఉప్పల్‌లోనూ కొన్నేళ్ళుగా మ్యాచ్ రాత్రులు మెట్రో వేళలు పొడిగిస్తున్నారు, ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతోంది. సంతోషమే. అయితే ఆ బస్సులు నగరం లోపలి వరకే. జిల్లాల నుంచి వచ్చినవాళ్ళ సంగతేమిటి? 2023 డిసెంబర్ 9 నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. కానీ అర్ధరాత్రి స్టేడియం దగ్గర బస్సే దొరకకపోతే ఆ ఉచితం మన చెల్లెళ్ళకు ఏం ఉపయోగపడుతుంది? నిఖత్ జరీన్ పుట్టిన ఊరి ఆడపిల్లలు గ్యాలరీలో కూర్చుని పెద్ద ఆట చూడాలంటే, రాత్రి క్షేమంగా ఇల్లు చేరే దారి ముందుగా ఉండాలి.

ఇది పాత ముచ్చట కాదు. 2024 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా బేగరికంచెలో అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం కడతామని ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించారు. అటువైపు మెట్రో ప్రతిపాదన కూడా ఉంది. నిజామాబాద్ బస్సులు బయలుదేరే జూబ్లీ బస్ స్టేషన్ నగరానికి ఉత్తరాన ఉంటే, బేగరికంచె దక్షిణాన ఉంది. అంటే మనకు ఉప్పల్ కంటే ఇది ఎంతో దూరం. పునాది వేయకముందే స్టేషన్ ఎక్కడ, మెట్ల వెడల్పెంత, జిల్లాల బస్సులు ఎక్కడ ఆగుతాయి అని అడగాలి. ఇంజనీరింగ్, ఆర్టీసీ కొలువుల్లో ఉన్న మన అన్నలు ఈ విషయం మీద వచ్చే సంచికకు రాస్తే మాకంటే బాగా చెప్పగలరు.

అప్పటి దాకా ఉప్పల్ వెళ్ళే తమ్ముళ్ళు ఇది గుర్తుంచుకోండి. మెట్రో కార్డులో తిరుగు ప్రయాణానికి సరిపడా డబ్బు ముందే వేయించుకోండి. స్టేడియం స్టేషన్‌లో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో దిగితే జూబ్లీ బస్ స్టేషన్ పక్కనే. రాత్రి బస్సుకు సీటు ముందే రిజర్వు చేయించుకోండి, వార్డెన్ సార్‌కు చెప్పి వెళ్ళండి.