తీగ లాగు, డొంక కదలనీ

తెనాలి

హారికా,

మొన్న మీ నాన్న ఫోన్ చేసి నీ సంగతి చెప్పాడు. పోటీ పరీక్షల చదువులో పాలిటీ, ఎకానమీ ఎలాగోలా లాక్కొస్తున్నావట గానీ జనరల్ నాలెడ్జి దగ్గరకొచ్చేసరికి ఏడుపొక్కటే తక్కువట. ఎవరు ఏం కనిపెట్టారు, ఏ యుద్ధం ఏ ఏడాది, ఎవరు ఎక్కడ పుట్టారు, ఇవన్నీ రాత్రి పన్నెండింటిదాకా బట్టీ పడితే తెల్లారేసరికి ఒక్కటీ ఉండట్లేదట. నీ జ్ఞాపకశక్తి మీద నీకే అనుమానం వచ్చిందట. అదేం పాడవలేదు. ఒకదానికొకటి పొత్తు లేని పదివేల ముక్కలు తెచ్చి పోస్తే ఎవరి బుర్రలోనూ నిలవవు. సర్వీసంతా హైస్కూలు పిల్లలకు ఫిజికల్ సైన్సు చెప్పినవాణ్ణి, ఈ మాట ధైర్యంగానే చెబుతున్నాను.

ఫోన్లో చెబితే నువ్వు "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

నీ బిట్ బ్యాంకులో తప్పకుండా ఉండే బిట్టు ఒకటి తీసుకుందాం, మన జిల్లాదే. హీలియం మూలకాన్ని 1868లో గుంటూరులో కనుగొన్న శాస్త్రవేత్త ఎవరు? జాన్సెన్. నువ్వు టిక్కు పెట్టి పేజీ తిప్పేసి ఉంటావు. తిప్పకుండా కాసేపు ఆగితే, పారిస్‌లో ఉండాల్సిన మనిషికి గుంటూరులో ఏం పని అన్న అనుమానం రావాలి.

ఆ ఏడాది ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఏడెన్ వైపు నుంచి వచ్చిన చంద్రుడి నీడ మన దేశాన్ని అడ్డంగా దాటి, బీజాపూరు, గుంటూరు, మచిలీపట్నం మీదుగా బంగాళాఖాతంలోకి దిగి సయాం మీదికి పోయింది. సూర్యుడు పూర్తిగా కనుమరుగయ్యే సమయం ఐదు నిమిషాలకు పైనే. గ్రహణాల లెక్కలో అది చాలా ఎక్కువ. వచ్చింది మాత్రం వానాకాలంలో. సముద్రం పక్కన మంచు పొరలు, కొండల దగ్గర మబ్బులు. రెండింటికీ మధ్యన ఉన్న ఊరని పియర్ జాన్సెన్ గుంటూరును ఎంచుకున్నాడు. దిగింది ఒక ఫ్రెంచి వర్తకుడి మేడ మీద. గుంటూరులో ఫ్రెంచి వర్తకులేమిటి అంటావా? పత్తి. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగి అక్కడి పత్తి యూరప్ మిల్లులకు రావడం ఆగిపోతే, మన వైపు పత్తికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. నైజాం ప్రాంతం నుంచి వచ్చే పత్తి గుంటూరు చేరి, అక్కణ్ణించి కాకినాడ, బందరు రేవుల మీదుగా ఓడలెక్కేది. సైన్సు అధ్యాయంలో చదివే బిట్టు కింద అబ్రహాం లింకన్ కాలపు యుద్ధం ఉందన్నమాట. ఈ రెంటినీ నువ్వు వేరువేరు నోటుబుక్కుల్లో రాసుకుని ఉంటావు.

జాన్సెన్ ఒక్కడే రాలేదు. బ్రిటిష్ వాళ్ల తరఫున మేజర్ టెన్నెంట్ కూడా గుంటూరులోనే మకాం వేశాడు. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. అదే అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి మరో బృందంతో వనపర్తి వెళ్లాడు. ఈ రఘునాథాచారి పేరు నీ పుస్తకంలో ఉండదు. అంతకు ముందు ఏడాదే, 1867లో, వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే ఒక నక్షత్రాన్ని గుర్తించిన మనిషి. గ్రహణాలకు కారణమేమిటో మన జనానికి మన భాషల్లో చెప్పాలని తపించినవాడు. పరీక్షలో అడగరు, అయినా తెలుసుకో.

ఇక ఆ ఐదు నిమిషాల్లో వాళ్లు ఏం చూశారన్నది. దీనికి నీ హాస్టల్ వంటింట్లోకి వెళ్లి గ్యాసు మంట మీద చిటికెడు ఉప్పు చల్లు. మంట పసుపుపచ్చగా మారుతుంది. ఆ పసుపు ఉప్పులోని సోడియంది. ఒక్కో మూలకం వేడెక్కినప్పుడు తనదైన రంగు గీతల్లోనే వెలుగు ఇస్తుందని, ఆ గీతల్ని బట్టి మూలకాన్ని పోల్చుకోవచ్చని 1859 ప్రాంతంలో హైడెల్‌బర్గ్‌లో కిర్కాఫ్, బున్సెన్ తేల్చారు. అంతకు పాతికేళ్ల ముందే ఆగస్ట్ కాంట్ అనే ఫ్రెంచి తత్వవేత్త, నక్షత్రాలు ఏ పదార్థంతో తయారయ్యాయో మనిషి ఎన్నటికీ తెలుసుకోలేడని రాసి పెట్టాడు. ఆ మాట తప్పని తేలడానికి రెండేళ్ల ముందు, 1857లో, పోయాడు. అదృష్టవంతుడే.

గ్రహణం పట్టినప్పుడు సూర్యుడి అంచున ఎర్రటి జ్వాలలు కనబడతాయి. అవి ఏమిటో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. జాన్సెన్ వర్ణపటదర్శినిలో చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. అంటే అవి వేడెక్కి వెలిగే వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని పట్టుకోవచ్చు కదా అని ఆయనకు తోచింది. మర్నాడు పొద్దున, నిండు సూర్యుడు ఉండగానే, పట్టుకున్నాడు. గుంటూరులో జాన్సెన్ సాధించిన అసలు విషయం ఇది. గ్రహణం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే పని తప్పించాడు.

మరి హీలియం? పసుపు గీత ఒకటి ఆ రోజు చాలామంది చూశారు, మచిలీపట్నంలో పోగ్సన్ సహా. ఎక్కువమంది అది సోడియందే అనుకున్నారు. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే ఆయన, పగలు యుద్ధశాఖలో గుమాస్తాగిరీ, తీరిక దొరికితే ఖగోళం, అక్టోబరు 20న గ్రహణం లేకుండానే జాన్సెన్ చేసిన పనే తనంతట తాను చేశాడు. ఆ పసుపు గీత సోడియం గీతల పక్కనే ఉంది గానీ వాటితో కలవడం లేదని పట్టుకున్నాడు. భూమ్మీద తెలిసిన ఏ పదార్థానికీ సరిపోకపోవడంతో కొత్త మూలకమని అనుమానించాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ సైన్సు అకాడమీకి ఒకే రోజున చేరాయి, ఫ్రెంచివాళ్లు ఇద్దరి ముఖాలూ వేసి పతకం కొట్టించారు. కొత్త మూలకం సంగతి మాత్రం చాలామంది నమ్మలేదు. 1895లో లండన్‌లో విలియం రామ్సే, యురేనియం ఉన్న క్లీవైట్ అనే ఖనిజాన్ని ఆమ్లంలో వేసినప్పుడు వచ్చిన వాయువులో అదే గీత చూపించాకే అందరూ ఒప్పుకున్నారు. యురేనియం ఖనిజంలోనే ఎందుకు దొరికిందంటే, యురేనియం విడుదల చేసే ఆల్ఫా కణాలు హీలియం కేంద్రకాలే. ఇది ఇంకో పదేళ్లు గడిచాక రూథర్‌ఫర్డ్ తేల్చిన సంగతి.

కాబట్టి ఆ బిట్టు సగం నిజం. కీలో జాన్సెన్ అని ఉంటే నువ్వు జాన్సెన్ అనే పెట్టు, పరీక్ష హాల్లో ధర్మయుద్ధాలు వద్దు. కానీ ఈమధ్య ప్రశ్నలు మారాయి కదా. నాలుగు వాక్యాలిచ్చి సరైనవి ఏవి అంటున్నారు, నిశ్చితం కారణం అంటున్నారు. "జాన్సెన్ ప్రయోగశాలలో హీలియంను వేరుచేశాడు" అని ఒక వాక్యం పెడితే బిట్టు బట్టీ పట్టిన పిల్ల ఠక్కున టిక్కు పెడుతుంది, పైన నెగటివ్ మార్కు. జరిగింది తెలిసిన పిల్ల నవ్వుకుంటుంది.

రామ్సే పేరు ఇక్కడితో వదిలేయకు. 1904లో నోబెల్ వచ్చింది. అంతకు ముందు ఆయన మన దేశం తిరిగి, జంషెట్జీ టాటా తలపెట్టిన సైన్సు సంస్థకు బెంగుళూరు అనువైన చోటని సలహా ఇచ్చాడు. ఈనాటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అదే. సి.వి. రామన్ అక్కడికి డైరెక్టరుగా వెళ్లాడన్నది నీకు తెలిసిన బిట్టే, ఇప్పుడు దానికి ముందు కథ కూడా దొరికింది.

అదే నీడ సయాంలో ఇంకో పని చేసింది. అక్కడి రాజు మోంగ్‌కుట్, నాలుగో రాముడు, ఈ గ్రహణం ఎక్కడ ఎప్పుడు పూర్తిగా కనిపిస్తుందో సొంతంగా లెక్కగట్టి, ఫ్రెంచివాళ్లనీ ఇంగ్లీషువాళ్లనీ పిలిచి, సముద్రతీరాన ఒక చిత్తడి ప్రాంతంలో విడిది కట్టించాడు. లెక్క సరిపోయింది. కానీ ఆ చిత్తడిలో మలేరియా సోకి అక్టోబరు 1న చనిపోయాడు. పదిహేనేళ్ల కొడుకు చులాలాంగ్‌కార్న్ గద్దెనెక్కి, ఆ దేశాన్ని యూరప్ సామ్రాజ్యాల చేతికి చిక్కకుండా నిలబెట్టాడు. ఆ సయామే ఈనాటి థాయిలాండు, అక్కడ జాతీయ సైన్సు దినం ఆగస్టు 18. ఈ చివరి ముక్కను విడిగా బట్టీ పడితే రెండు రోజులుంటుంది. రాజు కథతో పాటు వింటే మర్చిపోవడమే కష్టం.

జాన్సెన్ జీవితం నాకు మహా ఇష్టం, కాస్త సాగదీస్తాను. చిన్నప్పుడు ప్రమాదం జరిగి కుంటివాడయ్యాడు. బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూ పెద్ద చదువులు చదివాడు. 1870 డిసెంబరులో అల్జీరియాలో గ్రహణం చూడాలి, పారిస్ చుట్టూ చూస్తే ప్రష్యా సైన్యం ముట్టడి. ఆయన బెలూనెక్కి శత్రువుల తలల మీదుగా దాటిపోయాడు. ఒరాన్ చేరాడు, తీరా చూస్తే ఆ రోజు మబ్బులు. హీలియంతో పేరు ముడిపడ్డ మనిషి ఎక్కిన బెలూన్లో ఉన్నది బొగ్గు గ్యాసు. హీలియం అప్పటికి ఇంకా సూర్యుడి మీదే ఉంది మరి.

1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోతున్నప్పుడు, వరసగా ఫొటోలు తీయడానికి రివాల్వర్‌లా పలక తిరుగుతూ ఉండే కెమెరా చేయించి జపాన్‌లోని నాగసాకికి పట్టుకెళ్లాడు. అది చూసే మారే అనే మరో ఫ్రెంచాయన 1882లో పక్షులు ఎగిరే తీరు తీయడానికి తుపాకీలాంటి కెమెరా చేశాడు. ఆ దారినే లూమియేర్ సోదరుల దగ్గరకొస్తాం. 1895 జూన్‌లో ఫొటోగ్రఫీ సభకు పడవలో వచ్చి దిగుతున్న ప్రతినిధుల్ని లూమియేర్లు కదిలే బొమ్మలుగా తీశారు. అందులో ముసలి జాన్సెన్ ఉన్నాడు. వాళ్ల చిత్రాలు 1896 జులై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో ఆడాయి. తెలుగు సినిమా పితామహుడని మనం చెప్పుకునే రఘుపతి వెంకయ్య పుట్టింది 1869లో, పోగ్సన్ గ్రహణం చూసిపోయిన మరుసటేడు, అదే మచిలీపట్నంలో. ఇది వట్టి కాకతాళీయం, దీనికి అర్థాలు వెతకొద్దు. గుర్తుంచుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

గమనించావో లేదో, 1895 పదేపదే వస్తోంది. అందుకే, ఒక బిట్టును పట్టి తీగ లాగడం మొదటి పద్ధతైతే, నీకు చెప్పే రెండో పద్ధతి ఒక్కో ఏడాదిని పట్టుకోవడం. ఖాళీ పేజీ మీద 1895 అని రాయి. రామ్సే హీలియం. నవంబరులో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలు. అదే నెలలో నోబెల్ వీలునామా. డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ల టిక్కెట్టు ప్రదర్శన. జనవరిలో భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు జననం. మన సాహిత్యంలో చూస్తే, 1892లో ఆడిన కన్యాశుల్కం ఇంకా అచ్చుకు రాలేదు, వచ్చింది 1897లో. ఇలాంటి పేజీలు ముప్పయ్యో నలభయ్యో తయారైతే, తెలియని ప్రశ్న వచ్చినా ఇది దీని ముందుదా తర్వాతదా అని ఊహించగలవు. నాలుగు ఆప్షన్లలో రెండు అక్కడే కొట్టేస్తావు. సంవత్సరాలు ఎంచుకోవడంలో నీ ఇష్టం. 1757, 1857 లాంటివి అందరూ రాస్తారు, నువ్వు 1921, 1932 కూడా రాయి.

చివరిదాకా వెళ్లే అలవాటు కూడా చేసుకో. 1908లో లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ హీలియంను ద్రవంగా మార్చాడు, మైనస్ 269 డిగ్రీల దగ్గర. మూడేళ్లకు ఆ చలిలోనే అతివాహకత్వం బయటపడింది. మొన్న మీ నాన్న నడుం నొప్పికి ఎం.ఆర్.ఐ. తీయించుకున్నాడు కదా, ఆ యంత్రాల్లోని అతివాహక అయస్కాంతాన్ని అంత చల్లగా ఉంచేది ద్రవ హీలియమే. ఇప్పుడు ఎం.ఆర్.ఐ. అన్న మాట కరెంట్ అఫైర్స్‌లో వచ్చినా నీకు గుంటూరు గుర్తొస్తుంది.

రోజంతా ఇలా తీగలు లాగుతూ కూర్చుంటే సిలబస్ ఎప్పటికవుతుందని మీ నాన్న అంటాడు. ఆయన అన్నదాంట్లోనూ న్యాయముంది. రోజుకో గంట చాలు, మిగతాది నీ పద్ధతిలోనే చదువుకో. నదులు, రాజధానులు, రాజ్యాంగ అధికరణాలు బట్టీ పట్టక తప్పదు, వాటికి కథలు అల్లబోతే కాలం వృథా. మనుషులు ఏదైనా చేసిన చోట మాత్రం ఆగు. ఎవరు చేశారన్న దగ్గరే ఆగిపోక, వాళ్లకు ఎలా తెలిసింది, పక్కన ఎవరున్నారు, డబ్బెవరు పెట్టారు అని అడుగు.

ఈ వారం సుబ్బారావు గారితో మొదలుపెట్టు. "ఆరియోమైసిన్ కనుగొన్నది యల్లాప్రగడ సుబ్బారావు" అని నీ పుస్తకంలో ఉంటుంది. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన పరిశోధనాధిపతిగా ఉండగా, బెంజమిన్ డగ్గర్ అనే డెబ్బై దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు అందులో ఏం చేశాడో చూడు. ఫిస్క్ ఎవరో, హార్వర్డులో ఆయనా సుబ్బారావు గారూ కలిసి కండరాల్లో ఏం కనుగొన్నారో చూడు. ఫోలిక్ ఆమ్లం దగ్గర మొదలై కాన్సరు మందు దాకా దారి ఎలా పోయిందో చూడు. రెండు పేజీలకు మించకుండా రాసి పోస్టులో పంపు, ఫోన్లో ఫొటో తీసి పంపితే నా కళ్లకు ఆనదు. ఎర్ర సిరా పెన్ను ఇంకా నా దగ్గరే ఉంది.

ఇట్లు
మీ పెదనాన్న