మిరప ఆకు ఫొటో ఓపెన్ కావట్లేదా? ఇలా జేపీజీలోకి మార్చుకోండి

మిరపలో ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఫొటో చూసి చెప్పాలంటే ఆకు అడుగు భాగం స్పష్టంగా కనపడాలి. కానీ కొన్ని ఫొటోలు అసలు తెరుచుకోవు, కొన్ని మసకగా వస్తాయి.

ఐఫోన్‌లో తీసిన ఫొటోలు సాధారణంగా హెచ్‌ఈఐసీ ఫార్మాట్‌లో ఉంటాయి. పాత ఫోన్లు, కంప్యూటర్లలో ఇవి ఓపెన్ కాకపోవచ్చు. ఫైల్ పేరు చివర జేపీజీ అని రాస్తే సరిపోదు. పేరే మారుతుంది, లోపలి ఫార్మాట్ మారదు. ఆన్‌లైన్ కన్వర్టర్‌లో ఫొటో అప్‌లోడ్ చేసి, జేపీజీ ఎంచుకుని, కన్వర్ట్ నొక్కి, డౌన్‌లోడ్ చేసుకోవాలి. వీడియోలో వరుసగా చూపించాం.

గుర్తుంచుకోవాల్సినవి:

1. ఒరిజినల్ ఫొటో నుంచి ఒక్కసారే మార్చండి. జేపీజీగా మళ్లీ మళ్లీ సేవ్ చేస్తే ప్రతిసారీ కొంత వివరం పోతుంది. తర్వాత పీఎన్‌జీలోకి మార్చినా తిరిగి రాదు.

2. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. క్వాలిటీ తగ్గదు.

3. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం ఫొటోలు ఈ సైట్లలో పెట్టొద్దు. చాలా సైట్లలో ఫైల్ వాళ్ల సర్వర్‌కి వెళ్తుంది. ఆకు ఫొటో బయటికి పోతే నష్టం లేదు, పాసుపుస్తకం అలా కాదు.

అలాంటివి ఐఫోన్‌లో తీసేముందు సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకోండి. ఫొటో నేరుగా జేపీజీలోనే వస్తుంది, ఏ సైట్‌తోనూ పని ఉండదు.