అంతర్జాలంలో జాగ్రత్తలు: ఇంటిల్లిపాదికీ ఒక పాఠం

ప్రతి ఏటా ఈ సంచికలో పిల్లలకు ఒక పాఠం రాస్తుంటాం. ఈసారి పాఠాన్ని పిల్లలతో పాటు వాళ్ళ అమ్మానాన్నలు, వేసవిలో ఇండియా నుంచి వచ్చి మన బడి వెనక బెంచీల మీద కూర్చునే తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మలు కూడా చదవాలని కోరుతున్నాం. వీలైతే ఒకరు పైకి చదువుతుంటే మిగిలినవారు వినండి.

ఈ పాఠం రాయడానికి కారణం మన బడికి వచ్చే ఒక కుటుంబంలో జరిగిన సంగతి. వారి అనుమతితోనే రాస్తున్నాం, పేర్లు మాత్రం చెప్పడం లేదు. ఆ ఇంటి తాతగారు ఒక మధ్యాహ్నం కంప్యూటరులో తెలుగు పేపరు చదువుకుంటున్నారు. ఇంట్లో ఎవరూ లేరు. ఉన్నట్టుండి తెర మొత్తం ఎర్రగా మారి, సైరన్ లాంటి మోత మొదలైంది. మీ కంప్యూటరులో వైరస్ ఉంది, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి అని పెద్ద అక్షరాలతో వచ్చింది. కొడుకు ఆఫీసు పని చేసుకునే కంప్యూటరు, తన వల్లే పాడయిందేమోనని ఆయన కంగారుపడి ఫోను చేశారు. అవతలి మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఒక ప్రోగ్రాము పెట్టించాడు. ఆ తరువాత మౌస్ దానంతట అదే తిరగడం మొదలైంది. చివరికి బాగుచేసిన ఖర్చు కింద గిఫ్ట్ కార్డులు కొని, వెనక గీకి, నంబర్లు చదవమన్నాడు. పాపం ఆయన కొడుకు ఇచ్చిన కార్డుతో, ఎండలో అరమైలు నడిచి వెళ్ళి, 500 డాలర్లవి రెండు కొన్నారు. దారి పొడుగునా ఫోను పెట్టేయనివ్వలేదట, ఇంట్లో ఎవరికీ చెప్పవద్దన్నాడట.

తొమ్మిది రోజులు ఆయన ఎవరికీ చెప్పలేదు. అన్నం సరిగా తినడం లేదని కోడలు అడిగితే పళ్ళు నొప్పి అన్నారు. క్రెడిట్ కార్డు బిల్లు వచ్చాక బయటపడింది. ఆ తొమ్మిది రోజులూ దొంగ పెట్టించిన ప్రోగ్రాము ఆ కంప్యూటరులోనే ఉంది. ఇంటివాళ్ళు దాంట్లోనే బ్యాంకు పనులు చేసుకున్నారు. అదృష్టం కొద్దీ ఇంకేమీ పోలేదు. వెయ్యి డాలర్లు పోవడం కన్నా ఆ తొమ్మిది రోజుల మౌనమే మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది. గంటలోపు చెప్పి ఉంటే గిఫ్ట్ కార్డు కంపెనీకి ఫోను చేసి, ఖర్చు కాని సొమ్మును ఆపించడానికి ప్రయత్నం చేసి ఉండేవారు.

ఇంతకీ ఆ ఎర్రతెర ఏమిటి? అది ఒట్టి వెబ్ పేజీ. బొమ్మ పులి లాంటిది. కంప్యూటరుకు ఏమీ కాలేదు, ఫోను చేసేదాకా ఏమీ కాదు. మైక్రోసాఫ్ట్ వారి అసలైన హెచ్చరికలలో ఫోను నంబరు ఎప్పుడూ ఉండదు. నంబరు కనబడిందంటే అది దొంగదే. పేజీని మూసేయండి. మూసుకోకపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకుని కంప్యూటరును ఆపేయండి. తాతగారికి ఈ ఒక్క ముక్క మేము ముందే చెప్పి ఉండవలసింది.

భయపెట్టే ఫోన్లు

మన వంటి వలస కుటుంబాలకు ఇంకో బలహీనత ఉంది: వీసా, గ్రీన్ కార్డు. మేము ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళం, ఇమ్మిగ్రేషన్ వాళ్ళం, మీ కాగితాల్లో తప్పుంది, గంటలో డబ్బు కట్టకపోతే అరెస్టు చేసి దేశం నుంచి పంపించేస్తాం అని ఫోను వస్తే పెద్ద చదువులు చదివినవారికి కూడా కాళ్ళు వణుకుతాయి. ఈ ఫోన్లు చేసేవారిలో మన దేశం వాళ్ళు కూడా ఉన్నారని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, నిజం. 2016 అక్టోబరులో ముంబై పక్కన మీరా రోడ్డులోని కాల్ సెంటర్ల మీద ఠాణే పోలీసులు దాడి చేశారు. అదే నెలలో అహ్మదాబాదు కాల్ సెంటర్ల మీద పెట్టిన కేసును అమెరికా న్యాయశాఖ బయటపెట్టింది. రెండు చోట్లా ఇదే వ్యాపారం, అమెరికా ప్రభుత్వ అధికారుల వేషం వేసి బెదిరించడం.

ఐఆర్‌ఎస్ వారికి మనతో పని పడితే సాధారణంగా ముందు పోస్టులో ఉత్తరం వస్తుంది. ఏ ప్రభుత్వ శాఖా గిఫ్ట్ కార్డులతో పన్ను కట్టమని అడగదు. ఫోను తెర మీద కనిపించే నంబరు నిజమైనదని కూడా నమ్మలేం, దాన్ని తమకు కావలసినట్టు మార్చి చూపించడం వాళ్ళకు తేలిక.

ఇండియాలో ఉన్న మన పెద్దవాళ్ళకు ఇదే నాటకం వేరే వేషంలో వస్తోంది, దాని పేరు డిజిటల్ అరెస్ట్. పోలీసు దుస్తుల్లో ఒకడు వీడియో కాల్‌లో కనబడి, మీ ఆధార్ నంబరుతో ఏదో నేరం జరిగింది, కెమెరా ముందు నుంచి కదలవద్దు, ఎవరితోనూ మాట్లాడవద్దు అంటాడు. పిల్లలు అమెరికాలో, వాళ్ళిద్దరే ఇంట్లో. భారతదేశ చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి తన నెలవారీ రేడియో ప్రసంగంలో కూడా దీని గురించి ప్రజలను హెచ్చరించారు. ఈ వారం ఇంటికి ఫోను చేసినప్పుడు వానలు, పెళ్ళిళ్ళ కబుర్లతో పాటు ఈ మాట కూడా చెప్పండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ నొక్కనక్కరలేదని, పిన్ అడిగారంటే డబ్బు పోతుందని కూడా చెప్పండి.

ఈ అన్నిటికీ మందు ఒకటే. ఫోను పెట్టేయాలి. మర్యాద కాదేమో అనుకోవద్దు. ఆ తరువాత బ్యాంకైతే కార్డు వెనక ఉన్న నంబరుకు, ఆఫీసైతే వాళ్ళ పాత ఉత్తరం మీద ఉన్న నంబరుకు మనమే చేయాలి. వాళ్ళు ఇచ్చిన నంబరుకు మాత్రం చేయకూడదు. ఈ-మెయిలులో, మెసేజిలో వచ్చిన లింకు సంగతీ అంతే. బ్యాంకు పేరును మనమే టైపు చేసి వెళితే రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే కదా.

ఇంటి మాట

ఇప్పుడు గొంతును కూడా నకలు చేస్తున్నారు. అంతర్జాలంలో దొరికిన కొద్దిపాటి మాటలతో మన పిల్లవాడి గొంతులాగే కంప్యూటరుతో మాట్లాడించవచ్చు. నానమ్మా, యాక్సిడెంట్ అయింది, నాన్నకు చెప్పకు, డబ్బు పంపించు అని ఏడిస్తే ఏ నానమ్మ ఆగుతుంది? అందుకని ప్రతి ఇంట్లో ఒక రహస్యపు మాట పెట్టుకోమంటున్నాం. అలాంటి ఫోను వస్తే, ఇంటి మాట చెప్పు అని అడగాలి. చెప్పలేకపోతే పెట్టేసి, పిల్లవాడి నంబరుకు మనమే చేయాలి. నిజం పిల్లవాడే కంగారులో మాట మరిచిపోయినా అలా చేస్తే నష్టం లేదు.

ఆ మాట తెలుగు మాటైతే బాగుంటుంది. ఊరి పేరు, కుక్కపిల్ల పేరు, ముద్దుపేరు వద్దు, అవన్నీ ఫేస్‌బుక్‌లో మనమే పెట్టేశాం. ఇంట్లో అందరికీ నవ్వు తెప్పించేది, బయట ఎక్కడా రాయనిది ఎంచుకోండి.

పాస్‌వర్డులు

మన వాళ్ళ పాస్‌వర్డులు ఊహించడం కష్టం కాదు. ఇష్టదైవం పేరు, దాని వెనక 123. లేదంటే పెద్దమ్మాయి పేరు, పుట్టిన సంవత్సరం. నవ్వకండి, మాలో ఒకరిది నిన్న మొన్నటి దాకా అదే. ప్రపంచం అంతా ఇలాగే ఉంది లెండి. 2019లో బ్రిటన్ జాతీయ సైబర్ భద్రతా కేంద్రం వారు దొంగల చేతిలో పడిన పాస్‌వర్డులను పరిశీలిస్తే 2 కోట్ల 32 లక్షల ఖాతాలకు 123456 అనే పాస్‌వర్డే ఉంది.

పిల్లలూ, ఇక్కడ మీకు పని ఉంది. మన బడి పదాల పుస్తకం తీసుకుని, కళ్ళు మూసుకుని నాలుగు పేజీలు తెరిచి, వేలు పడిన నాలుగు పదాలు రాసుకోండి. చీపురు, నక్షత్రం, ఆవకాయ, బస్సు అని వచ్చాయనుకోండి. వాటిని ఇంగ్లీషు అక్షరాలలో వరుసగా రాస్తే మంచి పొడవైన పాస్‌వర్డు అవుతుంది. చీపురుతో నక్షత్రాన్ని ఊడ్చి ఆవకాయ బస్సు ఎక్కించినట్టు ఊహించుకుంటే మరిచిపోరు. ఇక్కడ అచ్చయిన నాలుగూ మాత్రం వాడకండి. తెలుగు ఇక్కడి దొంగలకు రాదు కదా అని పద్యం మొదటి పాదమో, సినిమా పాట పల్లవో పెట్టుకోవడం కూడా తప్పే. బలం భాషలో లేదు, ఆ నాలుగు పదాలకు ఒకదానితో ఒకటికి సంబంధం లేకపోవడంలో ఉంది.

అన్ని చోట్లా ఒకే పాస్‌వర్డు వాడటం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఎక్కడో చిన్న దుకాణం వెబ్‌సైటు నుంచి అది బయటపడితే, దొంగలు దాన్నే మీ ఈ-మెయిలు మీద, బ్యాంకు మీద ప్రయత్నిస్తారు. ఈ-మెయిలుకు వేరేది ఉండి తీరాలి, ఎందుకంటే మిగిలిన పాస్‌వర్డులన్నీ మార్చే దారి దాని గుండానే ఉంది. అన్నీ గుర్తుండవు కాబట్టి ఫోనులోనే ఉండే పాస్‌వర్డు మేనేజరును వాడండి. పెద్దవాళ్ళు పుస్తకంలో రాసుకుని బీరువాలో పెట్టుకున్నా మాకు అభ్యంతరం లేదు. వేల మైళ్ళ దూరం నుంచి ప్రయత్నించే దొంగ మన బీరువా తెరవలేడు. మూడు నెలలకొకసారి మార్చాలనే పాత నియమాన్ని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే వదిలేసింది. బయటపడిందని తెలిసినప్పుడు మార్చితే చాలు.

పాస్‌వర్డుతో పాటు రెండో తాళం కూడా వేయండి. బ్యాంకుకు, ఈ-మెయిలుకు తప్పనిసరి. ఫోనుకు వచ్చే ఆరంకెల కోడ్ ఎవరు అడిగినా చెప్పకూడదు. వాట్సాప్‌లో స్నేహితుడి పేరుతోనే మెసేజి వస్తుంది, పొరపాటున నా కోడ్ నీకు వచ్చింది పంపించు అని. పంపించిన మరుక్షణం మన వాట్సాప్ వాడి చేతిలోకి పోతుంది, మన పేరుతో బంధువులందరినీ డబ్బు అడుగుతాడు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్ అని, అందులో టూ స్టెప్ వెరిఫికేషన్ అని ఉంటుంది. అక్కడ పిన్ పెట్టుకుంటే ఇది చాలావరకు ఆగుతుంది. బామ్మగారి ఫోనులో మనవలే ఆ పని చేసిపెట్టాలి.

పాత ఫోను అమ్మకు, పాత కంప్యూటరు నాన్నకు

ఇది మనందరికీ ఉన్న అలవాటు. కొత్తది కొనుక్కుని, పాతదాన్ని సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి ఇండియాకు తీసుకువెళతాం. ప్రేమే, కాదనము. కానీ కంపెనీ అప్‌డేట్లు ఇవ్వడం మానేసిన ఫోను గడియ లేని తలుపు వంటిది. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ బ్రిటన్ ఆసుపత్రులను స్తంభింపజేసింది, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకు కూడా కొన్నింటికి సోకింది. దానికి అడ్డుకట్ట వేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. రేపు చేద్దాం అని వాయిదా వేసినవారు దెబ్బతిన్నారు. విండోస్ 10కి మామూలు సహాయం 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. నాన్నగారి బల్ల మీద ఉన్నది అదేనేమో ఒకసారి అడగండి. ఇచ్చే ముందు పాత ఫోనులోంచి మన ఖాతాలన్నీ తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఇంకా అప్‌డేట్లు వస్తున్నాయో లేదో చూసి ఇవ్వండి.

అమెరికాలో ఉన్నవారికి ఇంకొక పని. 2017లో ఎక్విఫాక్స్ సంస్థ నుంచి 14 కోట్లకు పైగా ప్రజల వివరాలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లతో సహా, దొంగల పాలయ్యాయి. మనవి కూడా బయట ఉన్నాయనే అనుకోవాలి. మన పేరుతో ఎవరూ అప్పు తీసుకోకుండా ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటిలోనూ క్రెడిట్ ఫ్రీజ్ చేసుకోవచ్చు. 2018 సెప్టెంబరు నుంచి ఇది ఉచితం. 16 ఏళ్ళలోపు పిల్లలకు తల్లిదండ్రులు చేయించవచ్చు. పిల్లల నంబరు దొంగిలిస్తే వాళ్ళు కాలేజీకి అప్పు అడిగేదాకా ఎవరికీ తెలియకపోవచ్చు కనుక ఇది ముఖ్యం.

పిల్లలకు, తల్లిదండ్రులకు చెరొక మాట

పిల్లలూ, ఉచితంగా రోబక్స్ ఇస్తాం అనేవాళ్ళెవరూ ఇవ్వరు, మీ పాస్‌వర్డు తీసుకుని మీ ఆటే లాక్కుంటారు. ఆటలో పరిచయమైన మనిషి పన్నెండేళ్ళ పిల్లవాడినని చెప్పినంత మాత్రాన పన్నెండేళ్ళవాడు కాడు. ఎవరైనా ఫోటో అడిగినా, ఇంట్లో చెప్పవద్దు అన్నా, చెబితే పరువు తీస్తాను అని బెదిరించినా, ఆ క్షణమే అమ్మకో నాన్నకో చెప్పండి. వాళ్ళకు చెప్పలేకపోతే అత్తకు చెప్పండి, మాకు చెప్పండి. అప్పటికే ఫోటో పంపించేసినా సరే, చెప్పండి.

తల్లిదండ్రులకు మా విన్నపం: పిల్లలు చెప్పినప్పుడు ముందు ఫోను లాక్కోకండి. ఫోను పోతుందన్న భయంతోనే చాలామంది చెప్పరు. అలాగే పెద్దవాళ్ళు మోసపోయామని చెప్పినప్పుడు, ఇంత చదువుకుని అలా ఎలా చేశారు అనకండి. ఆ తాతగారు తొమ్మిది రోజులు విన్నది ఆ మాటే, ఎవరూ అనకుండానే.

జరగరానిది జరిగితే మొదట బ్యాంకుకు, కార్డు కంపెనీకి ఫోను చేయండి. కంప్యూటరును అంతర్జాలం నుంచి విడదీసి, వేరే కంప్యూటరులో పాస్‌వర్డులు మార్చండి. అమెరికాలో ఎఫ్‌బీఐ వారి ఐసీ3 వెబ్‌సైటులో ఫిర్యాదు చేయాలి. ఇండియాలో ఉన్నవారు 1930కి ఫోను చేయాలి. డబ్బు చేతులు మారకముందే ఆపాలంటే మొదటి గంటలే ముఖ్యం.

ఇంటి పని: ఈ ఆదివారం భోజనాల దగ్గర అందరూ కలిసి ఇంటి మాట నిర్ణయించుకోండి. ఇండియాలో ఉన్నవారికి దాన్ని మెసేజిలో పంపకుండా ఫోనులో మాట్లాడి చెప్పండి. పిల్లలు తాతయ్యను అడిగి, ఆయన ఫోనులో రెండో తాళం వేసి, వేశామని వచ్చే తరగతిలో చెప్పాలి. ఇంటి మాట ఏమిటో మాత్రం మాకు కూడా చెప్పకండి.