లాభమూ లోకహితమూ

ఉద్దేశం

వాణిజ్య సంస్థలు సమాజం పట్ల వహించవలసిన బాధ్యతను తెలియజేయడం, ఆ బాధ్యతకూ సంస్థల ఆర్థిక ప్రగతికీ గల సంబంధాన్ని పరిశీలించే దృష్టిని విద్యార్థులలో కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పురుషార్థాలు నాలుగు. వాటిలో అర్థానికి ముందు ధర్మాన్ని నిలపడంలోనే మన పూర్వుల హృదయం వ్యక్తమవుతున్నది. చెరువు తవ్వించడం, వనాన్ని పెంచడం, దేవాలయం నిర్మించడం, కృతిని అందుకోవడం మొదలైన వాటిని తెలుగువారు సప్తసంతానాలుగా భావించారు. శ్రీనాథ మహాకవి చేత ‘హరవిలాసం’ అంకితం పొందిన అవచి తిప్పయ్య సెట్టి రాజు కాడు. సుగంధ ద్రవ్యాల వర్తకుడు. వర్తకుడు గడించిన ధనంలో సమాజానికి భాగముందన్న భావన ఈ నేలకు కొత్తది కాదు. అయితే అలా వెచ్చించడం వల్ల వ్యాపారం వర్ధిల్లుతుందా, క్షీణిస్తుందా అన్న ప్రశ్న మాత్రం ఆధునిక కాలానిది.

ఈ ప్రశ్నకు పెద్దలు భిన్నమైన సమాధానాలు చెప్పారు. సంపన్నుడు తన సంపదకు యజమాని కాడని, సమాజం తరఫున దానిని కాపాడే ధర్మకర్త మాత్రమేనని గాంధీజీ బోధించారు. అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970లో ప్రచురించిన వ్యాసంలో ఇందుకు భిన్నమైన వాదం చేశారు. నియమాలకు లోబడి లాభాలను పెంచడమే వ్యాపారానికి గల సామాజిక బాధ్యత అన్నారు. సంస్థ ధనం వాటాదారులది. దానితో నిర్వాహకులు దానధర్మాలు చేయడం పరుల సొమ్ముతో పుణ్యం గడించడమేనని ఆయన వాదన సారాంశం. 1984లో ఎడ్వర్డ్ ఫ్రీమన్ మరొక మార్గం చూపారు. వాటాదారులతో పాటు ఉద్యోగులు, వినియోగదారులు, సరఫరాదారులు, పరిసర ప్రజలు కూడా సంస్థతో సంబంధం గలవారేనని, వారందరి శ్రేయస్సును గమనించే సంస్థే చిరకాలం మనగలదని ప్రతిపాదించారు.

ఈ వాదాలను పరీక్షించడానికి టాటా ఉక్కు కర్మాగారం చరిత్ర తగిన ఉదాహరణ. 1907లో స్థాపితమైన ఆ సంస్థ 1912లోనే తన కార్మికులకు రోజుకు ఎనిమిది గంటల పనివేళను అమలు చేసింది. దేశంలో చట్టం అటువంటి పరిమితిని విధించడానికి మరో మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. 1915లో ఉచిత వైద్యం, 1920లో భవిష్యనిధి, వేతనంతో కూడిన సెలవు అమలులోకి వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధానంతరం ఉక్కు ధరలు పడిపోయి, 1924లో ఆ సంస్థ మూతపడే దశకు చేరింది. అప్పుడు దొరాబ్జీ టాటా తన సొంత ఆస్తిని, భార్య మెహర్‌బాయి ఆభరణాలతో సహా తాకట్టు పెట్టి బ్యాంకు రుణం తెచ్చారు. అదే ఏడాది ప్రభుత్వం ఉక్కు పరిశ్రమకు సుంకాల రక్షణ కల్పించింది. సంస్థ కోలుకున్నది. అయితే కార్మిక సంక్షేమం ఉన్నంత మాత్రాన అక్కడ అంతా సజావుగా సాగలేదు. 1920, 1928లలో పెద్ద సమ్మెలు జరిగాయి. సౌకర్యాలు కల్పించడం ఎంత అవసరమో కార్మికుల మాటకు చెవి ఒగ్గడం కూడా అంతే అవసరమని ఆ అనుభవం తెలుపుతున్నది.

సామాజిక బాధ్యత సంస్థ లాభాలకు ఎట్లా దోహదం చేస్తుంది? నాలుగు మార్గాలు కనిపిస్తాయి. ఆదరణ పొందిన ఉద్యోగి సంస్థను విడిచిపోడు. కొత్తవారికి శిక్షణ ఇచ్చే వ్యయం తగ్గుతుంది. నమ్మకం కుదిరిన వినియోగదారుడు మళ్లీ మళ్లీ అదే సరుకును కోరుతాడు. పరిసరాలను కలుషితం చేయని కర్మాగారానికి ప్రజల ప్రతిఘటన, న్యాయస్థానాల వ్యాజ్యాలు, జరిమానాలు ఎదురుకావడం అరుదు. విశ్వసనీయత గల సంస్థకు మదుపుదారులు తక్కువ వడ్డీకే అప్పు ఇస్తారు. ఇవన్నీ ఆలస్యంగా ఫలించేవి. వ్యయం మాత్రం వెంటనే ప్రత్యక్షమవుతుంది. అందువల్ల ఒక్క ఏడాది లెక్కలను చూసి లాభనష్టాలు నిర్ణయించడం తగదు.

జాషువా మార్గొలిస్, జేమ్స్ వాల్ష్ అనే పరిశోధకులు 1972 నుంచి 2002 వరకు వెలువడిన 127 అధ్యయనాలను పరిశీలించి 2003లో తమ ఫలితాలు ప్రకటించారు. సంస్థల లాభదాయకతపై సామాజిక బాధ్యత ప్రభావాన్ని పరీక్షించినవి వాటిలో 109. అందులో 54 అధ్యయనాలలో అనుకూల సంబంధం, 7 అధ్యయనాలలో మాత్రమే ప్రతికూల సంబంధం కనిపించాయి. 28 అధ్యయనాలలో చెప్పుకోదగిన సంబంధం లేదు. 20 అధ్యయనాల ఫలితాలు మిశ్రమం. బాధ్యతాయుత ప్రవర్తన సంస్థలను దివాలా తీయిస్తుందన్న భయానికి ఆధారం స్వల్పమని దీనివల్ల తెలుస్తున్నది. అయినా ఒక చిక్కు మిగిలే ఉన్నది. సేవ చేసినందువల్ల లాభం వచ్చిందా, లాభం వచ్చినందువల్ల సేవ చేయగలిగిందా? చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టు ఈ రెండూ పెనవేసుకొని ఉంటాయి.

మన దేశంలో ఈ బాధ్యత చట్టరూపం ధరించింది. 2013 కంపెనీల చట్టంలోని 135వ విభాగం 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. నికర విలువ 500 కోట్ల రూపాయలు, వార్షిక టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు – వీటిలో ఏ ఒక్క పరిమితిని చేరినా, ఆ సంస్థ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని విద్య, ఆరోగ్యం, పర్యావరణం వంటి రంగాలకు వెచ్చించాలి. సగటు లాభం 50 కోట్లయితే వెచ్చించవలసినది కోటి రూపాయలు. తొలుత ఖర్చు చేయనివారు కారణం తెలిపితే సరిపోయేది. 2021 జనవరి నుంచి మిగిలిన సొమ్మును నిర్దేశించిన నిధులకు బదిలీ చేయడం తప్పనిసరి అయింది. ఉల్లంఘిస్తే జరిమానా ఉంటుంది. హరిఓం మంచిరాజు, శివరామ్ రాజగోపాల్ 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఈ చట్టం వల్ల నిర్బంధంగా ఖర్చు చేయవలసి వచ్చిన సంస్థల వాటాల విలువ సగటున 4.1 శాతం తగ్గింది. తన వ్యాపార స్వభావాన్ని బట్టి సంస్థ స్వయంగా ఎంచుకున్న సేవకూ, నిర్బంధంగా చేసే సేవకూ ఫలితంలో భేదముంటుందని ఇది సూచిస్తున్నది. అయితే వాటా విలువ తగ్గినంత మాత్రాన ఆ సొమ్ముతో బాగుపడిన బడి, ఆసుపత్రి విలువ లేనివి కావు.

ఆర్చీ కారల్ 1991లో సంస్థల బాధ్యతను నాలుగు సోపానాలుగా చిత్రించారు. అడుగున ఆర్థిక బాధ్యత, దానిపై చట్టబద్ధత, ఆపైన నైతికత, శిఖరాన దాతృత్వం. కింది మెట్లు లేకుండా శిఖరం నిలువదనడానికి హైదరాబాదు నగరమే సాక్షి. సత్యం కంప్యూటర్స్ అధినేత, ఆయన కుటుంబం నెలకొల్పిన లాభాపేక్ష లేని సంస్థ 2005 ఆగస్టు 15న 108 అత్యవసర వాహన సేవను ప్రారంభించింది. ఆపదలో ఉన్నవారికి ఆ సేవ సంజీవని అయింది. కాని 2009 జనవరి 7న సత్యం అధినేత, లెక్కలలో లేని లాభాలను ఉన్నట్టు చూపామని లేఖ ద్వారా అంగీకరించారు. ఆ ఒక్కరోజే సంస్థ వాటా విలువ నాలుగింట మూడు వంతులకు పైగా పతనమైంది. వేలాది ఉద్యోగుల భవితవ్యం సందిగ్ధంలో పడింది. ఆ ఏడాదే సంస్థ టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. 108 సేవ మరొకరి నిర్వహణలో కొనసాగింది. లోకోపకారం నిలిచింది, లెక్కలలో సత్యం లేని సంస్థను మాత్రం ఆ లోకోపకారం నిలపలేకపోయింది.

కాబట్టి సంస్థ సామాజిక బాధ్యత లాభంలో 2 శాతాన్ని పంచడంతో ముగిసేది కాదు. మిగిలిన 98 శాతాన్ని ఎట్లా ఆర్జించిందన్నదే అసలు ప్రశ్న. కార్మికునికి న్యాయమైన వేతనం, కొనుగోలుదారునికి కల్తీ లేని సరుకు, ప్రభుత్వానికి సక్రమమైన పన్ను, వాటాదారునికి నిజమైన లెక్క – ఇవి చెల్లించిన తరువాత చేసే దానమే సంస్థకు శోభనూ స్థిరత్వాన్నీ ఇస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు

ధర్మకర్త = ఇతరుల ఆస్తిని వారి మేలుకై కాపాడేవాడు
వ్యాజ్యం = న్యాయస్థానంలో నడిచే వివాదం
సోపానం = మెట్టు
దాతృత్వం = దానం చేసే గుణం

ప్రశ్నలు

I. ఇరవై పంక్తులలో సమాధానం రాయండి.
1. సంస్థల సామాజిక బాధ్యత వాటి ఆర్థిక ప్రగతిపై చూపే ప్రభావాన్ని వివరించండి.

II. సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. గాంధీజీ, ఫ్రీడ్‌మన్ అభిప్రాయాలలోని భేదమేమి?
2. 108 సేవ, సత్యం సంస్థల ఉదంతం వల్ల గ్రహించవలసినదేమి?

III. ఒక వాక్యంలో సమాధానాలు రాయండి.
1. ‘హరవిలాసం’ కృతిని అంకితం పొందినదెవరు?
2. టాటా ఉక్కు సంస్థలో ఎనిమిది గంటల పనివేళ ఎప్పుడు అమలైంది?

IV. విడదీసి సంధి పేరు తెలపండి.
పురుషార్థం, లోకోపకారం, అత్యవసరం