మేనల్లుడికి, వార్డుకు వెళ్ళే ముందు

రాజమండ్రి

చిన్నా,

నువ్వుంటున్న ఊళ్ళోని క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళు వారానికోసారి వచ్చి పేషెంట్లకు కటింగులు, గడ్డాలు చేసిపెట్టమని నిన్ను అడిగారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమేసింది. నీ పుట్టువెంట్రుకలకు మేనమామగా మొదటి కత్తెర వేసింది నేనే. ఆ చనువుతోనే ఈ ఉత్తరం.

షాపులో కుర్చీ ఎక్కినవాడు తనకేం కావాలో తనే చెబుతాడు. మంచంలో ఉన్నవాడి సంగతి వేరు. సూది ఎప్పుడో, స్నానం ఎప్పుడో, తిండి ఏమిటో అన్నీ వేరేవాళ్ళు చెబుతుంటారు. తన ఇష్టం చెల్లేది ఇక ఆ జుట్టు దగ్గరే. అందుకని ముందు మంచం పక్కన కూర్చుని అడుగు. పక్కనున్న కొడుకునో కోడలినో కాదు, మనిషినే అడుగు.

ఇది నేను తప్పుచేసి నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ కిందట ఒక ఆసుపత్రి నుంచి పిలుపొస్తే వెళ్ళాను. నెలలుగా మంచంలో ఉన్న పెద్దావిడ. జుట్టు అట్టకట్టి దిండుకు అంటుకుపోయింది. "తీసేయండి, పేలు కూడా పట్టాయి" అన్నారు ఇంట్లోవాళ్ళు. ఆవిడ మాట్లాడలేదు. ఆవిడ మౌనాన్ని నేను ఒప్పుకోవడం అనుకున్నాను. పది నిమిషాల్లో పని అయిపోయింది. ఆవిడ మెల్లగా చెయ్యెత్తి తల తడుముకుని, గోడవైపు తిరిగి పడుకుంది. డబ్బులు తీసుకుని వచ్చేశాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. మన వైపు భర్త పోయిన ఆడవాళ్ళకు గుండు గీయించిన రోజులున్నాయి. ఆ వయసు మనిషికి ఆ గుండు ఏం గుర్తుచేసి ఉంటుందో నాకు తట్టనే లేదు.

నిజానికి ఆ చిక్కు తియ్యొచ్చు. కొబ్బరినూనె బాగా పట్టించి కాసేపు నాననివ్వు. కుదుళ్ళ దగ్గర జుట్టును ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, కొసల నుంచి పైకి, పాయ పాయగా వేళ్ళతో విడదీస్తూ రా. అప్పుడు మాడు లాగదు. ఒక్కరోజులో కాకపోతే మిగతాది మర్నాడు. ఆడవాళ్ళ దగ్గర సిస్టరునో ఆయమ్మనో పక్కన ఉండమను. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంటే మాత్రం నూనె జోలికి పోవద్దు, నిప్పు ప్రమాదం.

కీమో మందులెక్కించాక జుట్టు రాలడం చాలామందికి రెండు మూడు వారాల్లో మొదలవుతుంది. అన్ని మందులకూ రాలదు. రాలినవాళ్ళకు కూడా చికిత్స అయ్యాక సాధారణంగా మళ్ళీ వస్తుంది. ఈ సంగతి డాక్టరుగారు చెప్పే ఉంటారు, అయినా దువ్వెన పట్టుకున్న మనిషిని మళ్ళీ అడుగుతారు. తెలిసినంతే చెప్పు. కొందరు దిండునిండా వెంట్రుకలు చూడలేక ముందే పొట్టిగా చేయించుకుంటారు. కొందరు ఆఖరి పాయ దాకా ఉంచుకుంటారు. రెండూ సరైనవే. తిరుమల కల్యాణకట్టలో అదే గుండు చేయించుకుని నవ్వుకుంటూ బయటికొస్తారు, చూశావు కదా. అక్కడ వాళ్ళంతట వాళ్ళు ఇస్తున్నారు.

మగవాళ్ళ మీసం కూడా అంతే. గడ్డం గీయమన్నారని మీసం తీసేయకు. ముస్లిం పెద్దల గడ్డమైనా, సర్దార్జీల కేశాలైనా వాళ్ళ మాట లేకుండా ముట్టుకోవద్దు.

ఇక మంగలికత్తి ఇంట్లోనే వదిలెయ్. ప్లేట్‌లెట్లు పడిపోయినవాళ్ళకు చిన్న గాటు పడినా రక్తం తొందరగా ఆగదు. తెల్లకణాలు తగ్గినవాళ్ళకు ఆ గాటుతోనే ఇన్ఫెక్షన్ రావచ్చు. గార్డు తొడిగిన ట్రిమ్మరే మేలు, ప్రతి మంచం దగ్గరా ముందు సిస్టరును అడిగి. ఆపరేషన్‌కు ముందు బ్లేడుతో గీయవద్దని, తప్పనిసరైతే క్లిప్పరే వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. కరెంటు (రేడియేషన్) పెట్టినచోట చర్మం కాలినట్టు ఉంటుంది, అక్కడ నూనె, పౌడరు రాయకు. రంగు గీతలుంటే చెరపకు. ఒకరి దువ్వెన ఇంకొకరికి వాడకు. ఎక్కడైనా బ్లేడు వాడాల్సివస్తే కొత్తది తీసి, పని కాగానే వార్డులో సూదులు వేసే తెల్ల డబ్బాలో వెయ్యి.

చివరి రోజుల్లో ఉన్నవాళ్ళకు కటింగు అక్కర్లేదు. గోరువెచ్చటి గుడ్డతో ముఖం తుడిచి, తడిచేత్తో జుట్టు సర్ది, వాళ్ళు ఎప్పుడూ తీసుకునే పాపిడి ఏవైపో అడిగి తీస్తే చాలు. కళ్ళు మూసుకుని ఉన్నా ఏం చేయబోతున్నావో చెప్పి చెయ్యి. అద్దం అడిగితేనే ఇవ్వు.

ఆ పెద్దావిడ లాంటివాళ్ళు నీ వార్డులోనూ ఉంటారు. మాట్లాడకపోతే మర్నాడు మళ్ళీ వెళ్ళి అడుగు. సరే అనేదాకా కత్తెర పొదిలోంచి తీయకు.

ఇట్లు,
మీ మామయ్య